సున్నా అనలేని మనిషి

సంతాప సభలో మా ప్రిన్సిపాల్ గారు మైకు అందుకుని, "జీవితమంతా ఏ రేడియోధార్మికత గురించి పాఠం చెప్పారో, చివరికి దానికే మేడం బలైపోయారు" అన్నారు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టబోయి, అది ఏ సభో గుర్తొచ్చి ఆగిపోయారు. నేను రెండో వరసలో ఉన్నాను. లేచి, "కాదండీ, రేడియోధార్మికత ఆవిడను చంపలేదు, ఆరేళ్ల కిందట బతికించింది. ఆవిడ పోయింది బీపీతో, మెదడులో రక్తనాళం చిట్లి" అని చెప్పాల్సింది. చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు "చిరునవ్వు చెదరని మనిషి" అని కాగితం చూసి చదివి, వచ్చి కూర్చున్నాను. చిరునవ్వట! పదకొండేళ్లలో ఆవిడ నవ్వడం నేను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చూశాను.

నా మీద నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

గాజువాక నుంచి ఆటోనగర్ వెళ్లే దారిలో, కింద టైర్ల షాపు, పైన రెండంతస్తుల్లో మా జూనియర్ కాలేజీ. అక్కడ మాకెవరికీ పేర్లుండవు. నేను తెలుగు మేడం, ఆవిడ కెమిస్ట్రీ మేడం. ఒకే బల్లకు అటూ ఇటూ పదకొండేళ్లు కూర్చున్నా చివరిదాకా ఆ పిలుపులే, చివరిదాకా 'మీరు' అనే.

ఆవిడతో మాట్లాడడం ఒక పరీక్ష. "ఐదు నిమిషాల్లో వస్తాను మేడం" అని వెళ్లి వస్తే, గడియారం చూసి "తొమ్మిది నిమిషాలయింది" అనేది. దెప్పడానికి కాదు, తొమ్మిది అయింది కాబట్టి. "దాదాపు అందరూ పాసయ్యారు" అని ఎవరైనా సంబరపడుతుంటే "ఫెయిలైనవాళ్లు ఎంతమంది?" అని అడిగేది. ఒకసారి ఇద్దరం కలిసి పూర్ణా మార్కెట్‌కు వెళ్లాం. చింతపండు తూచబోతుంటే, ఖాళీ కాటా ముల్లు కొంచెం పక్కకు ఉందని, ముందు దాన్ని సరిచెయ్యమంది.

"ఆ తేడా నీకే లాభం కదమ్మా" అన్నాడు కొట్టతను నవ్వుతూ.

"లాభం అడగలేదండీ. సరిచెయ్యమన్నాను."

అతను నా వైపు చూశాడు. నేను పక్క కొట్లో ఎండుమిరపకాయలు చూస్తున్నట్టు నటించాను. ఆవిడతో బయటికి వెళ్లిన ప్రతిసారీ నేను వేరే ఏదో చూస్తున్నట్టు నటించేదాన్ని.

మా తరగతి గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. నేను ఇటు పద్యం చదువుతుంటే అటునుంచి గలగలమని చప్పుడు వచ్చేది. మొదట్లో చాలా చిరాకు పడ్డాను. ఒకరోజు నాకు ఖాళీ పీరియడ్ వచ్చి, వెళ్లి గుమ్మంలో నిలబడి చూశాను. స్టీలు డబ్బాలో వంద చింతపిక్కలు. ఒకవైపు తెల్లగా అరగదీసినవి, మనం చిన్నప్పుడు ఆడుకున్నవే. డబ్బా గిలకొట్టి బల్ల మీద పోస్తోంది. తెల్లవైపు పైకి పడ్డవాటిని పిల్లల చేత తీసేయిస్తోంది. మిగిలినవి మళ్లీ డబ్బాలోకి. వంద కాస్తా నలభై తొమ్మిది, తర్వాత ఇరవై ఆరు, తర్వాత పన్నెండు.

"మేడం, ఈపాలి ఏ పిక్క తెల్లగా పడతాదో సెప్పగలరేటి?" అని ముందు బెంచీలో అమ్మాయి అడిగింది.

"చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఏది పడుతుందో తెలీదు, సుమారు సగం పడతాయని తెలుసు. పరమాణువులూ అంతే. ఇంకో మాట. పరమాణువుకు ముసలితనం లేదు. నిన్న పుట్టినదైనా వెయ్యేళ్ల కిందట పుట్టినదైనా, ఈ క్షణంలో విచ్ఛిన్నమయ్యే అవకాశం రెండింటికీ ఒకటే."

నేను నా చిరాకు మర్చిపోయాను. వెనక బెంచీ నుంచి ఒక గొంతు, "మేడం, ఇది పరీచ్చలో వత్తాదా?" అంది.

ఆవిడ చేతిలో సుద్దముక్క విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది.

వెయిటేజీ లేని పాఠానికి రెండు పీరియడ్లు ఎందుకు తీసుకున్నారని మేనేజ్‌మెంటు మెమో ఇచ్చింది. వేరే ఎవరైనా క్షమించమని రాస్తారు. ఆవిడ "రెండు కాదు, మూడు" అని రాసి సంతకం పెట్టింది. ఆ ఏడాది ఇంక్రిమెంటు రాలేదు.

ఆ మరుసటి సంవత్సరం ఆవిడ మెడ దగ్గర చిన్న గడ్డ కనిపించింది. థైరాయిడ్ క్యాన్సర్. ఆపరేషన్ చేసి తీసేశారు. ఎక్కడైనా మిగిలిపోయిన కణాలుంటే పోవడానికి రేడియో అయోడిన్ గుళిక మింగించి, ఆసుపత్రిలో మూడు రోజులు విడిగా ఒక గదిలో ఉంచారు. ఆ గదిలోంచి నాకు ఫోన్ చేసింది. పాఠం చెప్పినట్టే చెప్పింది.

"థైరాయిడ్ కణాలకు అయోడిన్ కావాలి మేడం. ఎక్కడున్నా లాక్కుంటాయి. ఈ అయోడిన్‌ను లాక్కుంటే ఇది లోపల విచ్ఛిన్నమై వాటినే కాల్చేస్తుంది. అందులోంచి వచ్చే బీటా కణం ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా దాటదు. గామా కిరణం మాత్రం ఒంటిని దాటి బయటికి వస్తుంది. అందుకే ఈ గది, ఈ సీసం తలుపు. విచ్ఛిన్నమయ్యాక అయోడిన్ ఏమవుతుందో తెలుసా? కేంద్రకంలో యాభై మూడు ప్రోటాన్లు యాభై నాలుగవుతాయి. అంతే, ఇక అది అయోడిన్ కాదు, జీనాన్. ఎవరి జోలికీ పోని వాయువు."

"అదంతా సరే, ఎలా ఉంది మేడం ఇప్పుడు?" అన్నాను.

"ఎనిమిది రోజులకు సగం" అంది.

నేను అడిగింది ఆవిడ గురించి.

ఆవిడ భర్తది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో ఇంకొకరు అత్తగారు. పిల్లలు లేరు. డాబా మీద ఒక గది, దానికి బయటినుంచి మెట్లు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ మూడు వారాలు దూరంగా ఉండమని, కంచం, గ్లాసు వేరే పెట్టుకోమని ఆసుపత్రి వాళ్లు కాగితం మీద రాసిచ్చారు. ఇరవై ఒక్క రోజులు ఆ మేడమీద గదిలో ఉంది. ఇరవై రెండో రోజు పొద్దున్న చాపా కంచం పట్టుకుని కిందికి దిగింది. అంతా బాగానే ఉంది. గుళిక మింగిన నలభై ఎనిమిదో రోజున ఆడపడుచు పురిటికి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. అంతకుముందు ఒకటి నిలబడకుండా పోయింది ఆ అమ్మాయికి.

అత్తగారి గురించి ఒక మాట చెప్పాలి. చెడ్డది కాదు. భర్త పోయాక ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, నెత్తిన గంప పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మి, ఇద్దరు పిల్లల్ని పెంచింది. కోడలి ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తూ ఉండిపోయింది. అలాంటి మనిషి కూతురు వచ్చిన పూట కోడల్ని పిలిచి అడిగింది.

"ఏటమ్మా, ఆ మందు నీ ఒంట్లోంచి పూర్తిగా పోయినట్టేనా?"

పోయిందంటే అయిపోయేది.

"పూర్తిగా పోలేదత్తయ్యా. నలభై ఎనిమిది రోజులంటే ఆరుసార్లు సగమైంది. అరవై నాలుగింట ఒక వంతు. ఒంట్లోంచి బయటికి పోయింది తీసేస్తే ఇంకా చాలా తక్కువ. ప్రమాదమేమీ లేదు."

"ఉందా, లేదా?"

"ఉంది, కానీ..."

"మరెప్పటికి పోతాది?"

అక్కడైనా ఆగలేదు మా మేడం. కాగితం తీసుకుని లెక్క కట్టింది. గుళికలో ఎన్ని పరమాణువులుంటాయి, ఎన్నిసార్లు సగం చేస్తే ఒక్కటి మిగులుతుంది.

"ఆఖరి పరమాణువు దాకా అంటే ఏడాది మీద రెండు నెలలవుతుంది. అదీ కచ్చితంగా చెప్పలేం."

"అయితే ఏడాది మీద రెండు నెలలు మేడమీదే ఉండు తల్లీ" అంది అత్తగారు.

ఆవిడకు కోపం వచ్చింది. ఆ మాటకొస్తే మీ ఒంట్లోనూ ఉంది, అరటిపండులోనూ ఉంది, పొటాషియంలో కొంత భాగం రేడియోధార్మికమే అని చెప్పింది. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో అరటిపళ్లు కొనడం మానేశారు. భర్త డ్యూటీ నుంచి వచ్చి, "పోయిందని ఒక్క మాట అనీ. నీ సొమ్మేటి పోతాది?" అన్నాడట. "పోలేదు కదా" అందట ఈవిడ.

అలా మళ్లీ మేడమీద గదికి వెళ్లింది. పొద్దున్న బయటి మెట్ల మీదుగా దిగి కాలేజీకి రావడం, సాయంత్రం అవే మెట్లెక్కి పోవడం. కోడలికి ఇష్టమని అత్తగారు వంజరం చేప ముక్కలు వేయించి, కంచం మెట్ల మీద పెట్టి, ఒక కేకేసి వెళ్లిపోయేది. ఆ రోజుల్లో నేను అక్కడికి మూడుసార్లు వెళ్లాను. పొద్దున్నే పిట్టగోడ మీద వేలు పెడితే ఫ్యాక్టరీల నల్లటి మసి అంటుకునేది. మా ఊళ్లో అందరి పిట్టగోడల మీదా ఉండేదే. ఆవిడ దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, "దీన్ని రోజూ పీలుస్తూ కూర్చుని, నన్ను చూసి భయపడుతున్నారు మేడం" అంది.

"ఒక్క అబద్ధం చెప్పండి మేడం. ఎవరికీ నష్టం లేదు" అన్నాను.

"నష్టం లేదని చెబుతూనే ఉన్నాను. అది నిజం. నిజాన్ని నమ్మనివాళ్లకు అబద్ధం చెప్పి ఏం ఒప్పిస్తాను?"

నాకు విసుగొచ్చింది. ఆవిడ మీద, ఆ ముసలావిడ మీద, ఆ అయోడిన్ మీద. ఇంత చిన్న ముడి విప్పడం ఎవరికీ చేతకాదా అనిపించింది. నేనే విప్పుతాననుకున్నాను.

ఎనిమిదో నెలలో, సుఖప్రసవం కావాలని ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. నన్నూ పిలిచారు. అందరికంటే ముందే వెళ్లాను. అత్తగారు హాల్లో చాపలు పరుస్తోంది.

"అమ్మా, నేను ఆసుపత్రికి ఫోన్ చేశాను" అన్నాను. "మేడం ఒంట్లో ఇప్పుడు ఏమీ లేదన్నారు. సున్నా అన్నారు."

ఆమె చేతిలో చాప అలాగే ఉండిపోయింది.

"నిజిమేనా తల్లీ?"

"నిజమే."

మోకాళ్ల నొప్పుల మనిషి మెట్లన్నీ ఎక్కి వెళ్లింది. కోడలి చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది. కూతురి పక్కన కూర్చోబెట్టింది. ఏమైందో మా మేడంకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను ధైర్యంగా తల ఊపాను. ఇప్పటికైనా ఒప్పుకున్నారు అనుకుందేమో, ఆవిడ ముఖం మెత్తబడింది. ఆడపడుచు "వదినా, ఎన్నాళ్లయిందో నీ పక్కన కూకొని" అంటూ భుజానికి భుజం ఆనించింది.

పాటలయ్యాయి. పాస్టరు గారు దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లుంటే చెప్పమన్నారు. అత్తగారు లేచి నిలబడింది.

"నా కోడలికి గొంతులో పెద్ద జబ్బొచ్చింది. ప్రభువు బాగుసేసాడు. దానికిచ్చిన మందు కూడా విషంలాటిదే. అది ఇయ్యాల ఒక్క సుక్క లేకుండా తీసీసాడు. ఆసుపత్రోళ్లే సెప్పారు. దేవుడికి స్తోత్రం."

"ఆమేన్" అన్నారు అందరూ.

మా మేడం లేచింది.

"అత్తయ్యా, ఒక్క చుక్క లేదని ఎవరు చెప్పారు?"

"కూకో అమ్మా, తర్వాత మాటాడుకుందుము" అంది అత్తగారు.

"ఉందత్తయ్యా. చాలా చాలా తక్కువ ఉంది. దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. అది ఎన్నిసార్లయినా చెబుతాను. కానీ దేవుడి ముందు నిలబడి లేదని అంటే నేను ఊరుకోలేను."

ఆడపడుచు చెయ్యి, పాపం కావాలని కాదు, కడుపు మీదికి వెళ్లింది. భుజం పక్కకు జరిగింది. అత్తగారు నా వైపు తిరిగింది.

"నువ్వు ఫోన్ సేసానన్నావు గదమ్మా?"

ఇరవై మంది నన్ను చూశారు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను.

"లైను సరిగ్గా వినపడలేదేమో" అన్నాను.

మా మేడం చెప్పులు వేసుకుని, బయటి మెట్లెక్కి వెళ్లిపోయింది. "సదువుకున్నోలే ఇలాగ సేత్తే ఇంకెవుల్ని నమ్మాలి?" అని అత్తగారు పాస్టరు గారిని అడగడం నేను గుమ్మం దాటుతూ విన్నాను.

దాని ఫలితం ఆవిడే అనుభవించింది, నేను కాదు. అంతవరకు అత్తగారు కనీసం ఆసుపత్రి కాగితాన్ని తిప్పి తిప్పి చూసేది. ఆ తర్వాత అదీ పోయింది. కొడుకు డాక్టరు గారితోనే ఫోన్లో మాట్లాడిస్తే, "ఇదీ మీరు నేర్పించిందే గదా" అని పెట్టేసిందట. ఆడపిల్ల పుట్టింది. మా మేడం మేనకోడల్ని చూసింది మేడమీద పిట్టగోడ దగ్గర నిలబడి. ఆటోలోంచి దిగుతున్న ఒక గుడ్డల మూట, అంతే.

కాలేజీలో అదే బల్ల, అటు ఆవిడ, ఇటు నేను. హాజరు పట్టీ నా వైపు తోసేది. మాట్లాడేది కాదు.

తర్వాత జరిగింది ఆ ఆడపడుచే నాకు చెప్పింది, మొన్న ఆవిడ పోయిన ఇంట్లో, నా పక్కన కూర్చుని ఏడుస్తూ. ఆ అమ్మాయి పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తా. పాపకు నలభై రోజులు నిండాక, ఒక పొద్దున్న తల్లి హార్బర్‌కు వెళ్లిన సమయం చూసి, పాపను ఎత్తుకుని మేడెక్కిందట.

"వదినా, ఇప్పుడెంతుంది?" అని అడిగిందట.

అన్ని నెలల్లో మేమంతా ఉందా లేదా అనే అడిగాం. నాతో సహా. ఎంత అని అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయి.

"నూట అరవై రోజులు. ఇరవైసార్లు సగమైంది. పది లక్షల నలభై ఎనిమిది వేల ఐదు వందల డెబ్బై ఆరింట ఒక వంతు" అందట మా మేడం, కాగితం చూడకుండానే.

"అంటే, ఓడలో పది లచ్చల బియ్యం బస్తాలుంటే అందులో ఒక్క బస్తా?"

"ఒక్క బస్తాయే. ఇంకా తక్కువ."

"ఆ ఒక్క బస్తా కోసం మాయమ్మ ఓడ మొత్తం ఆపీసిందేటి!" అని, పాపను వదిన ఒళ్లో పెట్టేసిందట.

మా మేడం కదలకుండా కూర్చుందట. ముద్దు చెయ్యలేదు, ఏడవలేదు. "బరువెంత?" అని అడిగిందట.

"నాలుగు కేజీలుంటాది."

"ఉంటుందా, ఉందా?"

ఇద్దరూ నవ్వుతుంటే మెట్ల మీద అలికిడైంది. అత్తగారు. చేతిలో చేపల సంచి. ఆమె సంచి కింద పెట్టి, "దానికింకా మెడ నిలబళ్లేదు. సెయ్యి కిందెట్టు" అందట. ఆ సాయంత్రం చాపా కంచం కిందికి వచ్చాయి.

ఇది జరిగిన సంగతి అప్పుడు నాకు తెలీదు. ఆవిడ కాలేజీలో మళ్లీ నాతో మాట్లాడుతోందని మాత్రం గమనించాను. ఒకరోజు టీ తాగుతూ నేనే కదిపాను.

"ఆ రోజు అబద్ధం చెప్పింది మీ కోసమే మేడం."

"తెలుసు. అందుకే ఏమీ అనలేదు." గ్లాసు బల్ల మీద పెట్టింది. "నేను కోడల్ని. నా మాట ఆవిడ వినదు. మీ మాట వింది. మెట్లెక్కి వచ్చి నా చెయ్యి పట్టుకునేంతగా నమ్మింది. కొంచెం ఉంది, భయం లేదు అని మీరు చెప్పి ఉంటే అదీ నమ్మేది. మీరు నిజం ఎందుకు చెప్పలేదు మేడం?"

బెల్లు కొట్టారు. నేను పుస్తకాలు సర్దుకుని క్లాసుకు వెళ్లిపోయాను.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఇంతవరకు రాయలేదు, ఇప్పుడు రాస్తాను. ఆ మేడమీద గదికి మూడుసార్లు వెళ్లానన్నాను కదా. మొదటిసారి వెళ్లినప్పుడు లోపలికి రమ్మంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. చెప్పులు విడుస్తున్నట్టు, చెమట తుడుచుకుంటున్నట్టు ఏదో చేస్తూ నిలబడ్డాను. ప్లైవుడ్ గోడ వెనక నుంచి అర్ధాయువు నేర్చుకున్నదాన్ని, ఆరుసార్లు సగమంటే ఎంతో తెలిసినదాన్ని. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. గదిలో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తీసుకొచ్చి గుమ్మం బయట వేసింది. తన మంచానికీ దానికీ మధ్య దూరం చూసి, ఇంకో అడుగు వెనక్కి జరిపింది.

"ఇక్కడ కూర్చోండి మేడం. ఇక్కడైతే మీకు భయం ఉండదు" అంది.

నేను కూర్చున్నాను. మిగతా రెండుసార్లు వెళ్లేసరికి, ఆ కుర్చీ అక్కడే వేసి ఉంది.